సీ-ఆర్మ్ పక్కన నిలబడేది నేను, జాగ్రత్త ఎవరిది?

ప్రశ్న: నేను ఎముకల ఆపరేషన్ థియేటర్‌లో స్టాఫ్ నర్సుని. కొన్నేళ్లుగా సీ-ఆర్మ్ కేసుల్లోనే, అంటే ఆపరేషన్ మధ్యలో ఎముకని స్క్రీన్ మీద చూపించే ఎక్స్‌రే మెషీన్ వాడే కేసుల్లోనే ఉంటున్నాను. మాకు రేడియేషన్ బ్యాడ్జీలు ఇచ్చారు కానీ ఇన్‌చార్జి వాటిని బీరువాలో పెట్టి తాళం వేస్తారు, "రీడింగ్ ఎక్కువొస్తే లేనిపోని ఎంక్వయిరీలు" అంటారు. ఎక్స్‌రేని ఆపే లెడ్ (సీసం) ఏప్రన్లు మూడే, లోపల అయిదారుగురం ఉంటాం. దొరకనివాళ్లం వేసుకున్నవాళ్ల వెనక నిలబడతాం. ఒక్కోసారి రోగి కాలు పట్టుకోమంటారు, పట్టుకుని ఉండగానే ఎక్స్‌రే పెడల్ తొక్కుతారు. ఎక్స్‌రే రూంలో పిల్లలు కదిలితే పట్టుకోవడానికి కూడా మమ్మల్నే పిలుస్తారు. అడిగితే సర్జన్ గారు "ఇరవై ఏళ్లుగా చేస్తున్నా, నాకేమైంది?" అని నవ్వేస్తారు. ఇప్పుడు మేము పిల్లల కోసం అనుకుంటున్నాం. ఇంట్లో ఉద్యోగం మానేయమంటున్నారు. నేను డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసేదాకా మా అక్క తన పాపని ఎత్తుకోనివ్వదు. నిజంగా భయపడాలా? అసలు ఇవన్నీ చూసుకోవాల్సింది ఎవరు, నేను ఎవర్ని అడగాలి? ఇంకో చిన్న సందేహం, వచ్చే వారం నాకు పంటి ఎక్స్‌రే ఉంది, బ్యాడ్జి పెట్టుకుని వెళ్లాలా?

సమాధానం:

ముందు పాప సంగతి తేల్చేద్దాం, అది ఒక్క నిమిషం పని. ఎత్తుకోండి. ఎక్స్‌రే ఒంటికి గానీ బట్టలకి గానీ అంటుకునేది కాదు. సర్జన్ పెడల్ మీంచి కాలు తీసిన మరుక్షణం ఆ గదిలో ఎక్స్‌రే ఉండదు, గాల్లో ఉండదు, బల్ల మీద ఉండదు, మీ ఒంట్లో అసలే ఉండదు. థియేటర్ నుంచి వచ్చాక స్నానం చేయడం మంచి అలవాటే, కానీ అది ఇన్‌ఫెక్షన్ల కోసం. అంటుకోవడం, కడుక్కోవడం అనే గొడవ న్యూక్లియర్ మెడిసిన్ వాళ్లది. అక్కడ రేడియోధార్మిక పదార్థాన్ని మందులాగా రోగి ఒంట్లోకి పంపిస్తారు, స్కానింగులకి వాడే టెక్నీషియం అయితే 6 గంటలకి సగమవుతుంది, థైరాయిడ్‌కి ఇచ్చే అయోడిన్-131 సగమవడానికి 8 రోజులు పడుతుంది, కాబట్టి అక్కడ గ్లోవ్స్, ఒలికితే శుభ్రం చేసే పద్ధతి, ఇంటికెళ్లాక కొన్నాళ్లు పసిపిల్లల్ని దగ్గరికి తీసుకోవద్దని రోగికి చెప్పడం, ఇవన్నీ కావాలి. మీది ఆ పని కాదు. ఈ పేరా మీ అక్కకి చూపించండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కంగారుపెట్టింది బీరువాలో ఉన్న ఆ బ్యాడ్జీలు. బ్యాడ్జి మిమ్మల్ని కాపాడదు, ఒంటిమీద ఎంత పడిందో కొలుస్తుంది, అంతే. కానీ "భయపడాలా" అని మీరు అడిగినదానికి నిజాయితీగా జవాబు చెప్పగలిగింది అదొక్కటే. మీకు ఎంత డోసు తగులుతోందో నాకు తెలీదు, మీ సర్జన్ గారికి తెలీదు, తాళంచెవి చేతిలో ఉన్న మీ ఇన్‌చార్జికీ తెలీదు. ఇంకా ఘోరం ఏమిటంటే ఆ బీరువా బ్యాడ్జీలు వేళ తప్పకుండా ల్యాబ్‌కి వెళ్లి "ఏమీ లేదు" అని రిపోర్టు తెచ్చుకుంటూ ఉంటాయి, ఆ సున్నాలన్నీ మీ పేరు మీద ఫైల్లో చేరుతూ ఉంటాయి, రేపెప్పుడైనా అవసరం పడి ఆ రికార్డు తీస్తే మీరు సీ-ఆర్మ్ ఛాయలకే పోలేదని అది సాక్ష్యం చెబుతుంది. బ్యాడ్జి అసలు లేకపోవడం కంటే ఇది అధ్వాన్నం. లేకపోతే లేదని అందరికీ తెలుస్తుంది, ఇక్కడ కాగితం మీద అంతా బాగానే ఉంది.

ఎంక్వయిరీ అంటే మీ ఇన్‌చార్జి ఎందుకు అంత బెదిరిపోతున్నారో నాకు అర్థమవుతూనే ఉంది, చాలా చోట్ల ఆ మాటకి తప్పు పట్టుకోవడం అనే అర్థమే స్థిరపడిపోయింది. కానీ ఇక్కడ జరిగేది ఏమిటంటే, ఒకరి రీడింగ్ మామూలుగా వచ్చేదానికంటే ఎక్కువ కనిపిస్తే ఎందుకొచ్చిందో కూర్చుని వెతుకుతారు. చాలాసార్లు తేలేది చిన్న కారణమే. ఎవరో బ్యాడ్జిని ఏప్రన్‌కే తగిలించి థియేటర్‌లో వదిలేసి ఇంటికి పోయారు, లేదా లోపల పెట్టుకోవాల్సింది బయట పెట్టుకున్నారు. అలా కాకుండా నిజంగానే ఎక్కువైతే, అది తెలియాల్సిన మొదటి మనిషి మీరు కదా!

ఒకటే బ్యాడ్జి ఇస్తే ఛాతీ దగ్గర, ఏప్రన్ లోపల పెట్టుకోవాలి. రెండు ఇస్తే రెండోది మెడ దగ్గర, ఏప్రన్‌కి బయట, కళ్లకీ థైరాయిడ్‌కీ ఎంత తగులుతోందో అంచనా కట్టడానికి. రెండూ తారుమారు చేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. డ్యూటీ అయ్యాక ఎక్స్‌రే గదులకి దూరంగా, పోలిక కోసం ఉంచే కంట్రోల్ బ్యాడ్జి ఉన్న చోటే పెట్టేయాలి. ఒకరిది ఇంకొకరు పెట్టుకోకూడదు.

రీడింగ్ చేతికొచ్చాక దేంతో పోల్చుకోవాలి? రేడియేషన్ రక్షణ మీద ప్రపంచమంతా చూసే సంస్థ ఐసీఆర్‌పీ (అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్), 1928లో మొదలైంది. అది చెప్పిన పరిమితి ప్రకారం రేడియేషన్‌తో పనిచేసే ఉద్యోగికి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలిన డోసుని కొలిచే కొలత ఇది), అయిదేళ్ల మీద లెక్క కట్టాలి, ఏ ఒక్క ఏడాదీ 50 దాటకూడదు. చాలా దేశాల నిబంధనలు దీని మీదే నడుస్తాయి, కొన్ని ఇంకా బిగించి పెట్టుకున్నాయి. మామూలు జనానికైతే ఏడాదికి 1. ఇదికాక నేల, గాలి, ఆకాశం, తినే తిండి వీటన్నిటి నుంచీ ప్రతి మనిషికీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ అందుతూనే ఉంటాయి. ఏప్రన్ వేసుకుని పద్ధతిగా పనిచేసే థియేటర్ సిబ్బందిలో చాలామందికి ఏడాది మొత్తం కలిపినా లోపలి బ్యాడ్జి 1 మిల్లీసీవర్ట్ దాటదు. అందుకే ఉద్యోగం మానేయమని నేను చెప్పను. అయితే ఆ మాటలో "ఏప్రన్ వేసుకుని", "పద్ధతిగా" అని రెండు షరతులున్నాయి, మీ థియేటర్‌లో రెండూ కుంటుతున్నాయి.

సీ-ఆర్మ్ దగ్గర మీకు తగిలే కిరణాలు ఎక్కణ్ణుంచి వస్తాయో ఒకసారి సరిగ్గా చూద్దాం, ఎందుకంటే ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది, మిగతా సగానికి ఏం చెయ్యాలో తెలుస్తుంది. ఎక్స్‌రేని పుట్టించే ట్యూబు నుంచి అని అందరూ అనుకుంటారు. ట్యూబులోంచి వచ్చే కిరణం నేరుగా రోగి మీదికి పోతుంది, దాని దారిలో మీ చెయ్యి పెడితే తప్ప అది మీ జోలికి రాదు. మీకు తగిలేది రోగి ఒంటిని తాకి చెదిరినది. గోడ మీద టార్చి వేస్తే గదంతా కాస్త వెలుగు పరుచుకున్నట్టు, రోగి తుంటి మీద పడ్డదాంట్లో కొంత నాలుగు వైపులకీ చెదురుతుంది. అంటే ఆ గదిలో మీ వరకూ రేడియేషన్ వచ్చేది బల్ల మీద పడుకున్న మనిషి నుంచే. మీటరు దూరంలో ఆ చెదిరిన భాగం రోగి చర్మం మీద పడ్డదాంట్లో సుమారు వెయ్యో వంతు ఉంటుంది. అరమీటరు దగ్గర ఉన్నవాళ్లు మీటరు దూరానికి జరిగితే తగిలేది నాలుగో వంతుకి పడిపోతుంది, రెండు మీటర్లకి జరిగితే పదహారో వంతుకి. కాస్త వెనక్కి జరగడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఇంకోటి, ఈ చెదరడం అన్ని వైపులా సమానంగా ఉండదు. ట్యూబు ఉన్న వైపు ఎక్కువ. కిరణం ఒంట్లోకి దూరే చోటే బలంగా ఉంటుంది, అవతలి వైపుకి చేరేలోపు రోగి శరీరమే చాలామటుకు పీల్చేసుకుంటుంది. ట్యూబుని బల్ల కిందా, కిరణాల్ని అందుకుని బొమ్మ చేసే డిటెక్టర్‌ని పైనా పెట్టేది ఇందుకే, చెదిరినదాంట్లో ఎక్కువ భాగం నేల వైపు, కాళ్ల వైపు పోతుంది, కళ్ల వైపు తక్కువ వస్తుంది. తుంటి ఎముకని పక్క నుంచి చూడటానికి సీ-ఆర్మ్‌ని అడ్డంగా తిప్పినప్పుడు గమనించండి, ట్యూబు ఒక పక్కకీ డిటెక్టర్ ఇంకో పక్కకీ వస్తాయి. మీ ట్రాలీ ట్యూబు పక్కనుంటే మీరు కేసంతా అక్కడే నిలబడతారు. కేసు మొదలయ్యే ముందే టెక్నీషియన్‌ని "ట్యూబు ఎటు వస్తుంది" అని అడిగి, వీలైన చోట ట్రాలీని డిటెక్టర్ పక్కన పెట్టించుకోండి. ఇలాంటి మాట ఎవరికీ ఎదురు చెప్పినట్టు కూడా ఉండదు.

కాలు పట్టుకోవడం సంగతి. ఇక్కడ నేను మెత్తగా చెప్పలేను. చెయ్యి నేరుగా కిరణం దారిలో ఉంటే పైన చెప్పిన వెయ్యో వంతు లెక్క ఇక వర్తించదు, రోగి మీద పడే కిరణమే మీ వేళ్ల మీదా పడుతుంది. లెడ్ గ్లోవ్స్ వేసుకుంటే సరి అనేవాళ్లుంటారు, వినకండి. దారిలో లెడ్ అడ్డొస్తే మెషీన్‌కి బొమ్మ చీకటిగా కనిపిస్తుంది, తనంతట తానే డోసు పెంచేస్తుంది, చెయ్యి అక్కడే ఉంటే గ్లోవ్స్ ఇచ్చిన లాభంలో చాలా భాగం అక్కడికక్కడే పోతుంది, రోగికి అదనంగా పడుతుంది. కాలిని నిలబెట్టడానికి ట్రాక్షన్ టేబుల్, పట్టీలు, ఇసుక సంచులు ఉన్నాయి. అవి చాలని చోట పట్టుకోండి, సర్దండి, చెయ్యి తీసి వెనక్కి జరగండి, అప్పుడు పెడల్. నిజంగానే ఎవరో పట్టుకుని ఉంటే తప్ప కుదరని క్షణం వస్తే చెయ్యి స్క్రీన్ మీద కనిపించనంత దూరంలో ఉండాలి, ఏప్రన్ తప్పనిసరిగా ఉండాలి. పెడల్ తొక్కేముందు సర్జన్ "ఎక్స్‌రే" అని పైకి అనడం చాలా థియేటర్లలో అలవాటు. మీ దగ్గర లేకపోతే మొదలుపెట్టమని అడగండి. ఆ ఒక్క మాటకి గదిలో అందరూ ఒక అడుగు వెనక్కి వేస్తారు.

ఎక్స్‌రే రూంలో కదిలే పిల్లల్ని పట్టుకోవడం మీ డ్యూటీ కాదు. ముందు పట్టీల్లాంటివాటితో చూడాలి, తప్పకపోతే బిడ్డ తాలూకు వాళ్లు పట్టుకోవాలి, అదీ గర్భవతి కానివాళ్లు, ఏప్రన్ వేసుకుని, కిరణం దారిలోకి రాకుండా. తండ్రికి అది ఎప్పుడో ఒకసారి, అదీ తన బిడ్డ కోసం. మిమ్మల్ని పిలిస్తే అది వారానికి ఎన్నిసార్లో లెక్కుండదు.

ఏప్రన్లు. లోపల ఉండక తప్పని ప్రతి మనిషికీ ఒకటి ఉండాలి, ఇందులో బేరం లేదు. మామూలుగా వాడేవి 0.25 నుంచి 0.5 మిల్లీమీటర్ల లెడ్‌తో సమానమైనవి, చెదిరిన కిరణాల్లో నూటికి తొంభై, ఆ పైన ఆపుతాయి. ఏప్రన్ వేసుకున్నవాళ్ల వెనక నిలబడితే కొంత అడ్డు నిజమే, కానీ ఆ మనిషి వంగుతారు, పక్కకి జరుగుతారు, మీరు సూదో దారమో అందించడానికి ముందుకొస్తారు. మనుషుల్ని గోడలుగా వాడుకునే పద్ధతి ఏ నిబంధనల్లోనూ లేదు. అవసరం లేనివాళ్లు బయటికి పోవాలి, లేదా చక్రాల మీద తిరిగే లెడ్ తెర వెనక ఉండాలి. ముందువైపు మాత్రమే కప్పే ఏప్రన్ అయితే ఒక చిక్కుంది, సామాను కోసం వెనక్కి తిరిగినప్పుడు మీ వీపు రోగి వైపుకి ఖాళీగా ఉంటుంది, పెడల్ నడుస్తున్నంతసేపూ ముఖం అటే ఉంచండి. ఇంకా, ఉన్న ఆ మూడూ ఎలా ఉన్నాయో చూశారా? కేసవ్వగానే మడతపెట్టి స్టూల్ మీద పడేస్తే లోపలి పొర మడత దగ్గర చీలుతుంది, పైన గుడ్డ బాగానే కనిపిస్తుంది. హ్యాంగర్‌కి వేలాడదీయాలి. ఏడాదికోసారైనా ఫ్లోరోస్కోపీ (సీ-ఆర్మ్‌లాంటి లైవ్ ఎక్స్‌రే) కింద పెట్టి చీలికలున్నాయేమో చూసి, తేదీ రాసి పెట్టాలి. మీ ఏప్రన్ మీద ఆ తేదీ ఉందా?

ఇక ఇరవై ఏళ్లుగా ఏమీ కాలేదన్న మాట. ఈ వాదన చాలా పాతది. రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ అనే ఆయన ఆ కొత్త గొట్టాల్ని తన చేతుల మీదే పరీక్షించేవాడు, చేతులు పుండ్లు పడి, తీసేయాల్సి వచ్చి, 1904లో చనిపోయాడు. ఎక్స్‌రే, రేడియం పనుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల కోసం 1936లో హాంబర్గ్‌లో ఒక స్మారకం నిలబెట్టారు, మొదట్లోనే దాని మీద 169 పేర్లున్నాయి. వాళ్లలో చాలామందికి మొదటి కొన్నేళ్లూ ఏమీ కాలేదు. ఇప్పటి మెషీన్లు అప్పటివాటిలాంటివి కావు, ఆ రకం గాయాలు సిబ్బందికి అవుతాయని నేను భయపెట్టడం లేదు. కానీ తక్కువ డోసుల దగ్గర లెక్క వేరుగా ఉంటుంది. అక్కడ క్యాన్సర్ అవకాశం కొంచెం పెరగడం అనేది ఒక మనిషిని చూసి తేల్చేది కాదు, వేలమందిని చూడాలి. ఆయనకి ఏమీ కాకపోవడం సంతోషమే, అది మీ గురించి మాత్రం ఏమీ చెప్పదు.

పైగా ఆయన కళ్ల డాక్టరుకి ఒకసారి చూపించుకుంటే మంచిది. ఎక్స్‌రేలో చూస్తూ గుండె రక్తనాళాలకి చికిత్స చేసే క్యాథ్‌ల్యాబుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టర్లని, నర్సుల్ని పరీక్షిస్తే కొందరి కంటి లెన్సులో మచ్చలు కనిపించాయి, రేడియేషన్ వల్ల వచ్చే శుక్లాల తరహావి. అంతకుముందు అనుకున్నదానికంటే తక్కువ డోసుకే కంటికి దెబ్బ తగులుతోందని తేలాక ఐసీఆర్‌పీ 2011లో ఉద్యోగుల కంటి పరిమితిని ఏడాదికి 150 నుంచి ఒక్కసారిగా 20 మిల్లీసీవర్ట్‌లకి దించింది. రోగి మీదికి వంగి పనిచేసే సర్జన్‌కి లెడ్ కళ్లద్దాలు సోకు కోసం కాదు. ఈ సంగతి ఆయనకి ఎదురు వాదనలా కాకుండా ఆయన కోసమే చెప్పినట్టు చెప్పి చూడండి, ఏప్రన్ల కొనుగోలు కాగితం మీద సంతకం తొందరగా పడొచ్చు.

ఎవరి జాగ్రత్త అని అడిగారు. మూడు సూత్రాల మీద నడుస్తుంది ఈ వ్యవహారమంతా, ఏ సూత్రం ఎవరి మెడకి చుట్టుకుంటుందో చూస్తే మీ జవాబు దొరుకుతుంది. మొదటిది, అవసరం ఉంటేనే ఎక్స్‌రే. రోగికి కలిగే మేలు హాని కంటే ఎక్కువని తేల్చుకోవాలి, అది రాసే డాక్టరు, చేసే డాక్టరు ఇద్దరూ కలిసి మోసే బరువు. వేరే చోట పోయిన వారమే తీసిన సీటీ ఉందా, అల్ట్రాసౌండ్‌తో పనవుతుందా అని అడగడం ఇందులోకే వస్తుంది. రోగికి పరిమితి అనే అంకె లేదు, గమనించండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎంత కావాలంటే అంత వాడాల్సిందే, అందుకే అవసరం ఉందా లేదా అనే ప్రశ్నకి అంత బరువు.

రెండోది, అవసరమైనప్పుడు కూడా పనికి చాలినంతే. ఇందులో ఎక్కువ భాగం టెక్నీషియన్ చేతుల్లోనూ సర్జన్ కాలి కిందా ఉంటుంది. డిటెక్టర్ రోగికి దగ్గరగా, ట్యూబు దూరంగా ఉందా, కావలసిన ఎముక మేరకే కిరణాన్ని కుదించారా, ఆగకుండా నడిపే బదులు ఆగి ఆగి కిరణం వదిలే పల్స్ మోడ్ పెట్టారా, ఊరికే మ్యాగ్నిఫికేషన్‌లో ఉంచారా. స్క్రీన్ మీద ఆఖరి బొమ్మ నిలిచే ఉంటుంది కదా, దాన్ని చూస్తూ ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు, పెడల్ తొక్కిపట్టి ఆలోచించనక్కర్లేదు. రోగికి తగ్గినదంతా మీకూ తగ్గుతుంది, చెదిరేది అందులోంచే కాబట్టి. మెషీన్ సరిగ్గా పనిచేస్తోందా, ఇచ్చే డోసు ఇలాంటి పనికి మామూలుగా ఉండాల్సినంతే ఉందా అని కొలిచి చెప్పడం మెడికల్ ఫిజిసిస్ట్ పని. ఇక్కడే ఒక మాట, రోగి పొత్తికడుపు మీద లెడ్ ముక్క కప్పాలా అని మిమ్మల్ని రోగి బంధువులు అడుగుతూ ఉంటారు. చాలాకాలం అదే పద్ధతి, కానీ 2019లో అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం దాన్ని రోజువారీ పద్ధతిగా వాడటం ఆపేయమంది. లోపలి అవయవాలకి చేరేది ఎక్కువగా శరీరం లోపలే చెదిరినది, పై ముక్క దాన్ని ఆపలేదు, పైగా బొమ్మకి అడ్డొస్తే మళ్లీ తీయాల్సొస్తుంది. ఇది రోగుల గురించి మాత్రమే, మీ ఏప్రన్‌కి దీంతో సంబంధం లేదు, ఎవరైనా కలిపి మాట్లాడితే ఒప్పుకోకండి.

మూడోది పరిమితులు, పైన చెప్పిన అంకెలు, ఇది ఉద్యోగులకీ జనానికీ. అవి దాటకుండా చూడాల్సింది, బ్యాడ్జీలు, ఏప్రన్లు, శిక్షణ ఇప్పించాల్సింది ఆ మెషీన్‌కి లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో వాళ్లు, అంటే యాజమాన్యం. వాళ్ల తరఫున రోజూ చూసుకోవడానికి రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని పెడతారు. పనిని ఆయనకి అప్పగించొచ్చు, బాధ్యతని మాత్రం అప్పగించేసి చేతులు దులుపుకోవడం కుదరదు. యాజమాన్యం మీద అంత బరువు ఎందుకంటే 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో జరిగింది చూడండి. ఒక రేడియోథెరపీ క్లినిక్ వేరే చోటికి మారుతూ సీజియం అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న పాత మెషీన్‌ని ఖాళీ భవనంలో వదిలేసింది, లైసెన్సు ఇచ్చిన సంస్థకి చెప్పలేదు. పాత ఇనుము ఏరుకునేవాళ్లు అందులోని భాగం విప్పి పట్టుకుపోయారు. నలుగురు చనిపోయారు, లక్షకి పైగా జనాన్ని పరీక్షించాల్సొచ్చింది. సీ-ఆర్మ్‌తో అలాంటిది జరగదు, కరెంటు తీస్తే అదొక ఇనుప సామాను. కానీ తాళాలు, కాగితాలు, కబురు చేయడం లాంటి చప్పటి పనులు ఎవరూ పట్టించుకోకపోతే ఎక్కడిదాకా పోతుందో తెలుస్తుంది.

మీ మీద కూడా కొంత ఉంది. ఇచ్చిన బ్యాడ్జి పెట్టుకోవడం, ఏప్రన్ వేసుకోవడం, వేలాడదీయడం, శిక్షణకి వెళ్లడం, లోపం కనిపిస్తే చెప్పడం. ఈ ఉత్తరంతో ఆఖరిది మొదలుపెట్టేశారు, కాకపోతే నాకు రాసింది వాళ్లకి రాయాలి.

పిల్లల సంగతి ఇంట్లోవాళ్లకి ఇలా చెప్పండి. పిల్లలు పుట్టకుండా పోవడానికి ఆడవాళ్ల అండాశయాలకి తగలాల్సింది వేల మిల్లీగ్రేలలో ఉంటుంది, ఎక్స్‌రేల విషయంలో మిల్లీగ్రే, మిల్లీసీవర్ట్ దాదాపు ఒకటే అనుకోండి. కడుపులో బిడ్డకి 100 మిల్లీగ్రేల లోపు డోసుతో అవయవలోపాలు పెరిగినట్టు కనిపించలేదు, ఏ రేడియేషనూ లేని గర్భాల్లోనూ నూటికి సుమారు మూడింటిలో ఏదో ఒక లోపం ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి. గర్భవతినని మీరు చెప్పిన రోజు నుంచి మిగతా నెలలన్నిటికీ కలిపి బిడ్డకి 1 మిల్లీసీవర్ట్ దాటకుండా మీ పనిని సర్దాలి. అంటే బిడ్డని మామూలు జనంలో ఒకరిగా లెక్కేస్తారన్నమాట. అందుకని ఆలస్యం చేయకుండా, అనుమానం తీరగానే రాతలో చెప్పండి, నడుం దగ్గర ఏప్రన్ లోపల ఇంకో బ్యాడ్జి అడగండి, దాని రీడింగ్ నెలనెలా చూడమనండి. గర్భవతి కాబట్టి ఉద్యోగంలోంచి తప్పించడం నిబంధన కాదు, పనిని మార్చి ఇవ్వడం యాజమాన్యం పని. మీ లోపలి బ్యాడ్జి నిజంగా పెట్టుకున్న కొన్ని నెలల పాటు దాదాపు సున్నా చూపిస్తే, ఏప్రన్‌తో, దూరంతో అక్కడే కొనసాగొచ్చు కూడా. ఇప్పుడు మీ దగ్గర ఆ అంకె లేదు కాబట్టి, అది వచ్చేదాకా ఏప్రన్ దొరకని కేసులోకి మాత్రం వెళ్లకండి. ఇంట్లోవాళ్ల మాట కంటే ముందు చేయాల్సింది ఇది.

అడగడం ఎలా అంటే, ఇన్‌చార్జితో గొడవకి దిగొద్దు, "నా బ్యాడ్జి నేనే ఉంచుకుంటాను, డ్యూటీ అయ్యాక స్టాండ్‌లో పెడతాను" అని మర్యాదగా తీసుకోండి. ఇవ్వకపోతే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కి ఒక పేజీ రాయండి, సూపరింటెండెంట్‌కి కాపీ పెట్టండి. ఆరోపణలు వద్దు, అడిగేవి రాయండి చాలు: ఇప్పటిదాకా నా పేరు మీదున్న డోసు రికార్డు, అది బ్యాడ్జి బీరువాలో ఉన్నప్పటిదని ఒక వాక్యం, థియేటర్‌లో ఉండేవాళ్లెందరు, ఏప్రన్లెన్ని, చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, కొత్తవి ఎప్పుడొస్తాయి, శిక్షణ ఎప్పుడు. తోటి నర్సులు ఇద్దరు ముగ్గురు కలిసి సంతకం పెడితే ఒక్కరి ఫిర్యాదులా ఉండదు. అందినట్టు ముద్ర వేయించుకుని కాపీ దగ్గర పెట్టుకోండి. మీ దగ్గర అలాంటి ఆఫీసరే లేరని తెలిస్తే అదే రాయండి, లైసెన్సున్న చోట ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదు. అక్కడా కదలిక లేకపోతే ఎక్స్‌రే మెషీన్లకి లైసెన్సిచ్చే మీ నియంత్రణ సంస్థ ఉంది, వాళ్లకి ఉద్యోగులు నేరుగా రాయొచ్చు. నా అనుభవంలో చాలావరకు వ్యవహారం అక్కడిదాకా పోదు, రాతలో అడిగిన మొదటి కాగితానికే బీరువా తెరుచుకుంటుంది.

పంటి ఎక్స్‌రేకి బ్యాడ్జి పెట్టుకోకండి. అది మీ ఉద్యోగంలో తగిలేదాన్ని లెక్కపెట్టడానికే, రోగిగా మీకు తీసే ఎక్స్‌రేలు ఆ లెక్కలోకి రావు, కలిస్తే రీడింగ్ పాడవుతుంది. ఒక చిన్న పంటి ఎక్స్‌రే సుమారు 0.005 మిల్లీసీవర్ట్, ఒక రోజు బతికినందుకు నేలా గాలీ ఇచ్చేదానికంటే ఎక్కువేం కాదు. నిశ్చింతగా తీయించుకోండి.